చీటీ డబ్బుతో కొన్న రిసీవర్ కాలిపోయింది, ఇంట్లో మాటలు ఆగిపోయాయి

కాకినాడ నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 44, ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. భార్య హైస్కూల్లో లెక్కల టీచరు. ఒక్కతే అమ్మాయి, పదో తరగతి చదువుతోంది. రెండు పడగ్గదుల అద్దె ఇల్లు. తల్లి కూడా వీళ్ల దగ్గరే ఉంటారు.

నాలుగేళ్ల కిందట తండ్రి పోయాక, అటక మీద ఉన్న ఆయన హెచ్‌ఎంవి ఫియస్టా రికార్డు ప్లేయర్‌ని ఈయన కిందికి దించారు. సూట్‌కేసులా మూసి పట్టుకెళ్లే పెట్టె అది. లోపల రబ్బరు చక్రం గట్టిపడి జారుతుంటే గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, మోటారుకి రెండు చుక్కల నూనె వేసి తిప్పారు. పాట వచ్చింది. వంటింట్లో ఉన్న తల్లి చేతిలో గరిటెతోనే వచ్చి గుమ్మంలో నిలబడిపోయారట.

ఆ తర్వాత ఒకటొకటిగా చేరాయి. ఫియస్టాతో కలిపి మూడు రికార్డు ప్లేయర్లు, నాలుగు క్యాసెట్ డెక్కులు, మూడు జతల స్పీకర్లు, పాత కాస్మిక్ యాంప్లిఫయర్ ఒకటి, ఎల్‌ఏ4440 ఐసీతో తనే కట్టుకున్న చిన్న యాంప్లిఫయర్ ఇంకొకటి. ఏది తెచ్చినా భార్యతో "రెండు వేలే", "మూడు వేలకి వచ్చింది" అనేవారు. అసలు ఖర్చు లక్షా 64 వేలు. ఆవిడకి తెలిసింది 40 వేల లోపు.

కిందటి నెల జపాన్ నుంచి వచ్చిన పాత రిసీవర్ ఒకటి, అంటే రేడియో, యాంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉండేది, 38,000 పెట్టి కొన్నారు. ఆ డబ్బు అమ్మాయి ఇంటర్ ఫీజు కోసమని పాడిన చీటీలోది. ఇంటికి తెచ్చి తిన్నగా గోడ ప్లగ్గులో పెట్టారు. డయల్ దీపాలు ఒక్క క్షణం తెల్లగా భగ్గుమని ఆరిపోయాయి, వెనక నుంచి పొగ వచ్చింది. అప్పుడు తిప్పి చూస్తే వెనక ప్లేటు మీద 100 వోల్టులని ఉంది, మన గోడ ప్లగ్గులో వచ్చేది 230. ఆ వాసనకి గదిలోకి వచ్చిన భార్య, ఆ రాత్రే ఫోన్లో ఉన్న చెల్లింపులన్నీ చూశారు.

ఆవిడ అరవలేదు. "అన్నీ అమ్మేయండి" అని ఒక్క మాట అన్నారు. మర్నాటి నుంచి తను ఏం కొన్నా కాగితం ముక్క మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తున్నారు. వంకాయలు అరకిలో 20, కొత్తిమీర 10, ఆటో 30. మూడు వారాలుగా ఇదే వరస. రిసీవర్ బాగు చేయించుకోవాలా, అన్నీ అమ్మేయాలా, అసలు ఇది జబ్బా అని ఈయన అడుగుతున్నారు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివానండీ. సామాను సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఫ్రిజ్ దగ్గర ఆగుతాను.

ఆ కాగితాలు చూస్తుంటే పూటపూటా చెంపదెబ్బ తిన్నట్టుందని రాశారు. ఆవిడకి కోపం ఉంది, ఎందుకుండదు? కానీ ఎత్తిపొడవడానికే అయితే మూడు వారాల పాటు కొత్తిమీర ధర కూడా వదలకుండా ఎవరూ రాయరు. ఈ ఇంట్లో లెక్క ఇలా ఉండాలని ఆవిడ చేసి చూపిస్తున్నారని నాకనిపిస్తోంది. మాట మానేసిన మనిషి రోజూ మీ కంటపడే చోట ఏదో ఒకటి రాసి పెడుతున్నారంటే, మీరు చదవాలనే కదా.

కాబట్టి మీరూ రాయండి. క్షమాపణ ఉత్తరం ఇప్పుడే వద్దు. ఒక ఠావు తీసుకుని వస్తువు, కొన్న నెల, ఆవిడకి చెప్పిన ధర, అసలు ధర అని నాలుగు గడులు గీయండి. మూడో గడి రాసేటప్పుడు చెయ్యి ఆడదు. అయినా రాయండి, ఆవిడని బాధపెట్టింది ఆ గడే. లక్షా 64 వేలు అన్నారు గానీ, అందులో కొరియర్ ఛార్జీలు, మెకానిక్‌కి ఇచ్చినవి, వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ధర, వైర్లు అన్నీ ఉన్నాయా? నాకు అనుమానమే. అవీ వేయండి. మొత్తం లక్షా 80 వేలయితే అదే రాయండి. తర్వాత ఇంకో పది వేలు బయటపడితే ఇప్పుడు చెప్పిన నిజమంతా నీళ్లపాలవుతుంది. ఆ కాగితం మీద "అమ్మితే ఇంత వస్తుంది" అని రాయకండి. అది సంజాయిషీలా ఉంటుంది. ఆవిడ కాగితాల పక్కన పెట్టేసి ఊరుకోండి. చదివి ఆవిడ ఏమీ అనకపోవచ్చు, వారం రోజులు కూడా పట్టవచ్చు.

అమ్మకం సంగతికి వస్తే, మీ ముందు మూడు దారులున్నాయి. ఏదీ నొప్పి లేకుండా పోదు.

మొత్తం ఒక్కసారే అమ్మేయడం ఒక దారి. ఆవిడ అడిగింది అదే కాబట్టి మీ మాట మీద కొంచెం గురి కుదురుతుంది, ఇల్లు ఖాళీ అవుతుంది. కానీ గంపగుత్తగా కొనేవాడు మీ తొందర కనిపెడతాడు, వచ్చేది సగం కూడా ఉండదు. పైగా అందులో మీ నాన్నగారి ఫియస్టా కూడా పోతుంది. పశ్చాత్తాపంతో అన్నీ అమ్మేసిన ఇద్దరు నాకు తెలుసు. ఇద్దరూ ఏడాది తిరక్కుండానే మళ్లీ కొన్నారు, ఈసారి ఎక్కువ ధరకి. వాళ్లలో ఒకాయన భార్యే నాతో అన్నారు, "అమ్మమన్నది నేనే గానీ, ఆ తర్వాత ఆరు నెలలు ఇంట్లో ఆయన ముఖం చూడలేకపోయానండీ" అని.

ఏదీ అమ్మకుండా, కొత్తది కొననని ఒట్టు పెట్టుకోవడం ఇంకో దారి. మీ మనసు దీని వైపే లాగుతోందని ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. ఇది నాకు నచ్చడం లేదు. మీది సముద్రం గాలి తగిలే ఊరు. వాడకుండా పెట్టిన సామాను అక్కడ ఉన్నది ఉన్నట్టు ఉండదు. స్పీకర్ కోను చుట్టూ ఫోమ్ అంచు ఉంటే, పదిహేను ఇరవై ఏళ్లకి అది వేలితో తాకితే పొడి రాలుతుంది. క్యాసెట్ డెక్కుల్లో బెల్టులు కరిగి తారులా పుల్లీకి అంటుకుంటాయి. యాంప్లిఫయర్లో కండెన్సర్లు ఎండిపోయి స్పీకర్లో 'భుం' అని హమ్ మొదలవుతుంది. మీ కాస్మిక్‌లో వస్తున్న హమ్ కూడా అదే కావచ్చు. అమ్మాయి చదువుకునే గదిలో మంచం కింద ఉన్న డెక్కులు ఇంకో మూడేళ్లకి ఎవరూ కొనరు. అవి అక్కడ ఉన్నంత కాలం మీ ఆవిడకి ఆ రాత్రి గుర్తుకొస్తూనే ఉంటుంది.

మూడోది, వినడానికి ఒక్క సెట్టు ఉంచుకుని మిగతావి ఒక్కొక్కటిగా, నిదానంగా అమ్మడం. అమ్మాయి ఫీజు కట్టాల్సింది జూన్‌లో అన్నారు, అంటే ఐదు నెలల టైముంది. వచ్చిన ప్రతి రూపాయీ ముందు ఆ 38,000 పూడ్చడానికే వెళ్లాలి, అది మీ ఆవిడ ఖాతాలోనే పడాలి. ఇందులో ఇబ్బంది ఏమిటంటే ఆవిడ "అన్నీ" అన్నారు, మీరు "కొన్ని" అంటున్నారు. ఆ మాట మీరుగా తేల్చకండి. ఆ ఠావు ఆవిడ చదివాక, "ఇవి ఉంచుకోవాలనుంది, ఏమంటావు?" అని అడగండి. వద్దంటే అప్పటికి వద్దనే. ఫీజు డబ్బు పూర్తిగా చేరాక మళ్లీ అడగవచ్చు. నేనైతే ఈ దారి పడతాను, కానీ మీ ఇంట్లో గాలి ఎటు వీస్తోందో మీకే తెలుస్తుంది.

అమ్మేటప్పుడు ఒక్క విషయం మరిచిపోవద్దు. రిసీవర్ అమ్మినవాడు 100 వోల్టుల సంగతి చెప్పలేదని మీకు ఎంత మండిందో గుర్తుంచుకోండి. అమెరికా బంధువుల సామానుతో వచ్చిన మీ టర్న్‌టేబుల్ మీద ఘంటసాల గారి గొంతు ఎప్పుడూ బరువుగా, నిద్రపోతున్నట్టు వినిపిస్తుందని, స్టెప్‌డౌన్ మార్చినా తేడా లేదని రాశారు. స్టెప్‌డౌన్ వోల్టేజీనే తగ్గిస్తుంది, కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చదు. అమెరికాలో అది 60 హెర్ట్జ్, మన దగ్గర 50. ఆ రకం ఏసీ మోటారు ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది కాబట్టి, నిమిషానికి 33 చుట్లకి పైగా తిరగాల్సిన రికార్డు 28 కూడా తిరగదు. శ్రుతి మూడు స్వరస్థానాలు దిగిపోతుంది. నాలుగు శ్రుతిలో పాడిన పాట రెండు శ్రుతిలో వినబడుతుంది. మోటారు పుల్లీ వ్యాసం ఐదో వంతు పెంచి లేత్ షాపులో కొత్తది చేయిస్తే సరిపోతుంది. చేయించి అమ్మండి, లేదా ఈ లోపం కొనేవాళ్లకి చెప్పి అమ్మండి. పార్సిల్ పంపాల్సి వస్తే ప్లాటర్, అంటే రికార్డు తిరిగే పళ్లెం, తీసి విడిగా చుట్టండి, ముల్లు ఉండే చేతి వెనక ఉన్న బరువు విప్పండి, ఆ చేతిని కదలకుండా కట్టేయండి. దారిలో విరిగేవి ఎక్కువగా ఇలా చేయకుండా పంపినవే. క్యాసెట్ డెక్కులకి కొత్త బెల్టులు వేయించి, పాట పాడుతుండగా వీడియో తీసి పెడితే ధర బాగా తేడా వస్తుంది, బెల్టుకి అయ్యేది కొద్దిగానే.

ఇక రిసీవర్. మెకానిక్ తొమ్మిది వేలన్నాడు, గ్యారంటీ లేదన్నాడు. 100 వోల్టుల సామానుకి 230 ఇస్తే లోపల ప్రతి చోటా రెండు రెట్లకి పైగా వోల్టేజీ పడుతుంది. ఫ్యూజు ముందే పోయి ఉంటే అదృష్టం, చాలావరకు బతికే ఉంటుంది. పొగ వచ్చిందంటే ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీయో (కరెంటు ముందుగా వెళ్లే తీగచుట్ట), పెద్ద కండెన్సర్లో, రెండూనో పోయుండొచ్చు. తొమ్మిది వేలు ఒప్పుకునే ముందు ఏం పోయిందో చూడమనండి. ప్లగ్గు పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టి ప్రైమరీ తెగిందో లేదో చూడటం నిమిషం పని. అది బాగుంటే స్టెప్‌డౌన్‌కి ముందు సిరీస్ బల్బు పెట్టి ఆన్ చేయమనండి. బల్బు వెలిగి మందగిస్తే ఆశ ఉంది, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు. మీరు మాత్రం మూత తీయకండి. ప్లగ్గు పీకేశాక కూడా ఆ కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

ప్రైమరీ మాత్రమే పోతే వైండింగ్ షాపులో 230కే చుట్టించుకోవచ్చు, ఇక స్టెప్‌డౌన్ అవసరం ఉండదు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయి ఉంటే ఆలోచించాల్సిందే. ఆ కాలపు జపాన్ ట్రాన్సిస్టర్లు ఇప్పుడు చాలావరకు తయారు కావడం లేదు, ఆ పేరుతో బజార్లో దొరికేవాటిలో నకిలీలు చాలా ఎక్కువ. ఒకసారి కాలిన యాంప్లిఫయర్లో నకిలీవి వేస్తే మళ్లీ కాలుతుంది, ఈసారి స్పీకర్లనీ తీసుకుపోతుంది. ఇంకో సంగతి, మీరు గమనించారో లేదో. జపాన్‌లో వాడకానికి చేసిన రిసీవర్ అది, వెనక వోల్టేజీ మార్చే సెలెక్టర్ కూడా లేదన్నారు. అక్కడి ఎఫ్‌ఎం బ్యాండు పాత సెట్లలో 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే ఉంటుంది. మన ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లన్నీ 91 పైన. అంటే మీరు ఉత్తరంలో అంత మురిసిపోతూ రాసిన ఆ వెలిగే డయల్, పూర్తిగా బాగు చేయించినా, మీ ఊళ్లో ఎఫ్‌ఎంకి దాదాపు మూగగానే ఉంటుంది.

అందుకని ఇప్పటికి దాన్ని బాగు చేయించవద్దనే చెబుతాను. ఏం పోయిందో మాత్రం తెలుసుకుని, కాలిపోయిందని చెప్పే అమ్మితే విడిభాగాల కోసం, బయటి పెట్టె కోసం కొనేవాళ్లు ఉంటారు. ఎనిమిది, పది వేలు వచ్చినా అది ఫీజు డబ్బులో చేరుతుంది. ఉంచుకుని తర్వాత బాగు చేయిస్తానంటారా, అదీ తప్పు కాదు. కానీ ఆ తొమ్మిది వేలు ఈ ఐదు నెలల్లో ఇంట్లోంచి వెళ్లకూడదు. మీ ఆవిడకి అది కాలిపోయినదాని మీద ఇంకో తొమ్మిది వేలు పోయడంలాగే కనిపిస్తుంది.

ఒకటి అడుగుతాను. మీ గది పదికి పదకొండు అడుగులు. కాస్మిక్ 20 వాట్లు. రిసీవర్ చానెల్‌కి 70 వాట్లని, అందుకే కొన్నానని రాశారు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కాస్త పెరిగినట్టుంటుంది, అంతే. శబ్దం రెండింతలు అనిపించాలంటే వాట్లు దాదాపు పదింతలు కావాలి. అంత చిన్న గదిలో మామూలుగా పాటలు వినడానికి ఒక వాటు కూడా పూర్తిగా ఖర్చవదు. 1978లో నాడ్ కంపెనీ 3020 అనే యాంప్లిఫయర్ తెచ్చింది. చానెల్‌కి 20 వాట్లే, ధర తక్కువ, చూడ్డానికి సాదా పెట్టె. ఖరీదైన సెట్లు కొనలేని వాళ్లు ప్రపంచమంతా దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. మీ కాస్మిక్‌లో మెయిన్ కండెన్సర్లు అదే మైక్రోఫారడ్‌తో, అంతే వోల్టేజీ లేదా అంతకన్నా ఎక్కువది చూసి మార్పించి, వాల్యూమ్ కంట్రోల్‌లో గరగర పోయేలా క్లీనర్ కొట్టిస్తే మీ గదికి అంతకన్నా అక్కర్లేదు. స్పీకర్లని గోడకి ఆనించకుండా ఒక అడుగు ముందుకి జరిపి, చెవి ఎత్తుకి స్టూళ్ల మీద పెట్టి వినండి. పైసా ఖర్చు లేదు. రిసీవర్ తెస్తే వస్తుందనుకున్న తేడా ఇక్కడే సగం దొరకవచ్చు.

ఇది జబ్బా అని అడిగారు. పాత సామాను మీద మోజు జబ్బు కాదండీ. మా ఇంట్లో వాల్వు రేడియో ఉండేది. స్విచ్చి వేశాక అది వేడెక్కి, పైన పచ్చ కన్ను వెలిగే దాకా పిల్లలమంతా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. ఆ వెచ్చని పెట్టె వాసన నాకు ఇప్పటికీ గుర్తే. కాబట్టి మీ మోజు నాకు అర్థమవుతుంది. కానీ ధర దాచడం, ఆఫీసులో మాట పడిన ప్రతిసారీ ఏదో ఒకటి కొనడం, చివరికి పిల్ల ఫీజు డబ్బు తీయడం మీరే రాశారు. అవి మాత్రం కనిపెట్టుకోవాల్సినవి. ఆరు నెలలు కొత్తగా సామాను ఏదీ కొనకుండా ఉండి చూడండి. అమ్మకాల ప్రకటనలు కూడా చూడకండి. రెండు వారాలు చిరాగ్గా ఉండి తగ్గితే సరే. నిద్ర పట్టకపోయినా, మళ్లీ దొంగచాటుగా కొన్నా, ఎవరితోనైనా మాట్లాడండి. టెలీ మానస్ 14416 ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అది చేతకానితనం కాదు, సిగ్గుపడాల్సిన పని అంతకన్నా కాదు.

మీ ఆరు పేజీల్లో మోడల్ నంబర్లు, వాట్లు, ధరలు నిండి ఉన్నాయి. పాట విన్న సంగతి ఎక్కడుందా అని వెతికాను. రెండు చోట్లే దొరికింది. మొదటి పేజీలో గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిన అమ్మగారు. ఐదో పేజీలో, "మా అమ్మ ఎప్పుడైనా నాన్న రికార్డు పెట్టమంటుంది, డెక్కులు విప్పి ఉన్నప్పుడు కుదరదు" అన్న ఒక్క వాక్యం.

ఏది ఉంచుకోవాలో మీ ఆవిడని అడిగే రోజున ఫియస్టా పేరు ముందు చెప్పండి. దానికి ఒక్క ఖర్చు ఉంది, ముల్లు. ఆ కాలపు సిరామిక్ కార్ట్రిడ్జిలు, అంటే ముల్లు బిగించే ముక్కలు, రికార్డు మీద ఐదారు గ్రాముల బరువుతో నడుస్తాయి. మొన అరిగిన ముల్లు అంత బరువుతో వెళ్తే గాడిని గీకేస్తుంది, మీ నాన్నగారి రికార్డులు మళ్లీ దొరకవు. నాలుగేళ్లుగా మార్చలేదన్నారు కాబట్టి కొత్తది వేసే దాకా తిప్పకండి. ఆ ముల్లు కొన్న రోజున దాని ధర ఎంతయితే అంతా కాగితం మీద రాసి, కొత్తిమీర పక్కన పెట్టండి.